తిరిగిన రోజులకు కూలి ఎవరిస్తారు?

1993లో ముంబైలో ‘బ్లిట్జ్’ వారపత్రిక డిప్యూటీ ఎడిటర్ ఒకరు ఆ కుర్చీ వదిలేసి, టైమ్స్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఫెలోషిప్‌కి (ఒక విషయం మీద తిరిగి రాయడానికి కొంతకాలం డబ్బిచ్చే ఏర్పాటు) దరఖాస్తు పెట్టుకున్నారు. వయసు ముప్పై ఆరు. 1980లో యుఎన్‌ఐ వార్తాసంస్థలో చేరినప్పటి నుంచి లెక్కేస్తే పదమూడేళ్ళ సర్వీసు. ఆ వయసులో, ఆ హోదాలో ఉన్నవాళ్ళు ఎడిటర్ గది వైపు చూస్తారు. ఈయన బిహార్, ఒడిశా పల్లెల వైపు చూశారు. ఫెలోషిప్ ఇంటర్వ్యూలో పత్రిక ఎడిటర్ “మా పాఠకులకి ఇవి అక్కర్లేకపోతే?” అని అడిగారనీ, “మీ పాఠకులని మీరు చివరిసారి ఎప్పుడు కలిశారు?” అని ఈయన ఎదురు ప్రశ్న వేశారనీ ఒక కథ జర్నలిస్టుల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఫెలోషిప్ మాత్రం వచ్చింది.

ఆయన పాలగుమ్మి సాయినాథ్. 1957లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మనవడు. రైతు ఆత్మహత్యల గురించి రాసే ఆయనగా తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. ఆయన రాతల గురించి, ధైర్యం గురించి బోలెడంత రాశారు. ఆ కెరీర్‌ని జమాఖర్చుల పుస్తకంలా తిప్పి చూసినవాళ్ళు తక్కువ. ఏ సంస్థలోనూ ఉద్యోగి కాకుండా రాసి బతకడం అంటే ఏమిటో అర్థం కావాలంటే మొదట చూడాల్సింది ఆ జమాఖర్చులే.

ఫ్రీలాన్స్ జర్నలిస్టు అమ్మేది వ్యాసం అని పైకి అనిపిస్తుంది. అసలు ఖర్చయ్యేది రోజులు. బస్సు దొరకని ఊరికి వెళ్ళడానికి ఒక రోజు, అక్కడి మనుషులు మాట్లాడటానికి ఒప్పుకునేలోపు రెండు రోజులు, వాళ్ళు చెప్పింది బ్లాక్ ఆఫీసు రికార్డుల్లో సరిచూసుకోవడానికి ఇంకో రోజు. పత్రిక ఇచ్చే చెక్కు మీద ఈ రోజులు కనిపించవు. అచ్చయిన పదాలే కనిపిస్తాయి. ఉద్యోగిగా ఉన్న విలేకరికి వార్త దొరకని రోజున కూడా జీతం పడుతుంది. ఫ్రీలాన్సర్‌కి అలాంటి రోజు సొంత జేబులోంచి పోతుంది.

సాయినాథ్ ఫెలోషిప్ కాలం లెక్క చూడండి. అయిదు రాష్ట్రాల్లోని అత్యంత పేద జిల్లాలు ఎంచుకున్నారు. పదహారు రకాల వాహనాల్లో దాదాపు లక్ష కిలోమీటర్లు తిరిగారనీ, అందులో 5,000 కిలోమీటర్లు కాలినడకేననీ ఆయన పరిచయాల్లో కనిపిస్తుంది. దాదాపు పద్దెనిమిది నెలల్లో టైమ్స్‌లో 84 కథనాలు వచ్చాయి. భాగిస్తే ఒక్కో కథనానికి ఆరు రోజుల పైచిలుకు. ఇది సగటు మాత్రమే. కొన్నిటికి వారాలు పట్టి ఉంటాయి, కొన్ని దారిలో తగిలి ఉంటాయి. అయినా ఈ ‘ఆరు రోజులు’ గుర్తుపెట్టుకోవాలి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

ఆ రోజుల వల్ల ఏం దొరికిందో చెప్పడానికి ఒక ఊరు చాలు. ఒడిశా కోరాపుట్ జిల్లాలోని చికాపర్. ఆ ఊరిని మొదట మిగ్ యుద్ధ విమానాల ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయించారు. జనం తమకున్న ఇంకో భూమిలోకి మారి, ఆ కొత్త చోటుకీ చికాపర్ అనే పేరు పెట్టుకున్నారు. తర్వాత ఎగువ కొలాబ్ ప్రాజెక్టు వచ్చి అక్కడి నుంచీ లేపేసింది. మళ్ళీ వేరేచోట చేరారు, మళ్ళీ నోటీసులు వచ్చాయి. విడివిడిగా చూస్తే ఇవి మూడు చిన్న వార్తలు, ఫ్యాక్టరీకి భూసేకరణ, రిజర్వాయర్ ముంపు, ఖాళీ చేయమని నోటీసు. ఏ పత్రికలోనైనా లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఈ మూడూ ఒకే ఊరి మీద, ఒకే కుటుంబాల మీద పడ్డాయని తెలియాలంటే ఆ కుటుంబాల అరుగు మీద కూర్చుని దశాబ్దాల సంగతులు వినాలి. కలెక్టరేట్ ప్రెస్‌నోట్‌లో ఆ వరస ఉండదు.

ఒడిశాలోనే నువాపడా ప్రాంతంలో ఆయన తవ్వి తీసిన ఎద్దుల కథా ఇలాంటిదే. పేదల పాడి పెంచుతామని ప్రభుత్వం ఆవులిచ్చింది. సంకర జాతి దూడలే పుట్టాలని చుట్టుపక్కల నాటు ఎద్దులన్నిటికీ విత్తులు కొట్టించింది. పాలు పెరగలేదు. పుట్టిన సంకర దూడలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఖరియార్ అనే మంచి స్థానిక జాతి మాత్రం ఆ చుట్టుపక్కల కనుమరుగయ్యే దశకి వచ్చింది. చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వినందుకు ఇబ్బందిగా ఉంటుంది. పథకం మొదలైనప్పుడు ప్రారంభోత్సవం వార్త అచ్చయ్యే ఉంటుంది. అది ముగిసిన తీరు రాయాలంటే ఎవరో ఒకరు ఏళ్ళ తర్వాత అదే ఊరికి మళ్ళీ వెళ్ళాలి. ఫలానా రోజున ఫలానాది జరిగింది అని చెప్పలేని విషయం, వార్తలు ఎంచి దిద్దే డెస్క్ దగ్గర నిలబడదు. సాయినాథ్ పని చాలావరకు ఇలా తేదీ లేని విషయాల మీదే.

1996లో ఆ కథనాలు పెంగ్విన్ ద్వారా ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’గా వచ్చాయి. పదుల ముద్రణలు పొందిన పుస్తకం. ఇక్కడో చట్టం సంగతి చెప్పుకోవాలి, రాసేవాళ్ళలోనే చాలామంది దాన్ని పట్టించుకోరు. మన కాపీరైట్ చట్టం (1957) 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, పత్రికలో ఉద్యోగిగా రాసిన దానికి పత్రికల్లో అచ్చువేసుకునేంత వరకు హక్కు యజమానిది. మిగతా విషయాల్లో, పుస్తకంగా వేసుకోవడం లాంటి వాటిలో, హక్కు రాసినవాళ్ళదే. ఉద్యోగి కాని ఫ్రీలాన్సర్‌కి మొదటి నుంచీ హక్కంతా తనదే, తను రాసిచ్చేస్తే తప్ప. ఆ రాసివ్వడం కూడా 19వ సెక్షన్ ప్రకారం కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే చెల్లుతుంది. అంటే రెండు వేల రూపాయలకి పత్రికకిచ్చిన వ్యాసం పదేళ్ళ తర్వాత పుస్తకంలో అధ్యాయం కావచ్చు. ఫ్రీలాన్సర్‌కి పీఎఫ్ లాంటిది ఏదైనా ఉంటే అది ఈ హక్కే. అందుకే ఇప్పుడు సంస్థలు పంపే ఒప్పంద పత్రాల్లో ‘అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అనే ఒక్క లైన్‌ని మిగతా పేజీలన్నిటికంటే జాగ్రత్తగా చదవాలి. చదవకుండా సంతకం పెట్టేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే చెక్కు అవసరం వాళ్ళదే.

అలాగని పుస్తకం ఇల్లు నడుపుతుందా? పేపర్‌బ్యాక్ మీద రాయల్టీ మామూలుగా 7.5 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. రెండు వందల రూపాయల పుస్తకం వెయ్యి కాపీలు అమ్ముడైతే, పది శాతం లెక్కన ఇరవై వేలు. తెలుగులో వెయ్యి కాపీలు అమ్ముడవడమే వార్త. ఇక్కడ చాలామంది రచయితలు తామే డబ్బు పెట్టి అచ్చువేయించి, పుస్తకాల షాపుకి ముప్పై నలభై శాతం కమీషన్ ఇచ్చి, మిగిలిన కట్టలు అటక మీద పెట్టుకుంటారు. పుస్తకం తెచ్చేది డబ్బు కంటే పేరు. ఆ పేరు వేరే దారిలో డబ్బవుతుంది. ఉపన్యాసాలు, పాఠాలు, తర్వాతి ఫెలోషిప్. సాయినాథ్ ముంబైలోని సోఫియా పాలిటెక్నిక్‌లో దశాబ్దాల పాటు జర్నలిజం పాఠాలు చెప్పారు, చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో కూడా. 2012లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బోధించారు. తన పుస్తకం రాయల్టీని గ్రామీణ విలేకరులకి అవార్డులివ్వడానికి మళ్ళించారు. ఇంకో చోట నుంచి ఆదాయం ఉన్నవాళ్ళకే సాధ్యమయ్యే పని అది.

అవార్డుల విషయంలో ఆయనకో నియమం ఉంది. 2007లో రామన్ మెగసెసే అవార్డు తీసుకున్నారు. 2009లో పద్మభూషణ్ వద్దన్నారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైఎస్సార్ జీవన సాఫల్య పురస్కారం ప్రకటిస్తే అదీ వద్దన్నారు. ప్రభుత్వాల పనితీరు మీద రాసే జర్నలిస్టు వాటికి బయటి ఆడిటర్ లాంటివాడనీ, అందుకే వాటి నుంచి అవార్డు తీసుకోకూడదనీ ఆయన వాదన. కొందరికి అది పట్టుదలగా అనిపించింది. కానీ ఆదాయం ముక్కలు ముక్కలుగా వచ్చే వృత్తిలో ఏ ముక్క తీసుకోవాలి, ఏది వదలాలి అన్నదే స్వతంత్రతకి అసలు పరీక్ష. జీతగాడికి ఒకే యజమాని. ఫ్రీలాన్సర్‌కి పదిమంది, వాళ్ళలో ప్రతి ఒక్కరితోనూ విడిగా జాగ్రత్తపడాలి.

ఈయన కెరీర్‌ని ‘ఫ్రీలాన్స్ విజయగాథ’ అని చెప్పేసి ఊరుకుంటే సగం అబద్ధం చెప్పినట్టు. 1993 నుంచి పదకొండేళ్ళు బయట ఉన్నాక, 2004లో ‘ది హిందూ’ పత్రికకి గ్రామీణ వ్యవహారాల ఎడిటర్‌గా చేరారు. 2014 వరకు ఉన్నారు. మహారాష్ట్రలోని విదర్భ పత్తి రైతుల మీద ఆయన రాసిన వరస చాలావరకు ఈ జీతం వచ్చిన కాలంలోదే. ముంబైలో ఫ్యాషన్ వీక్‌కి 512 మంది గుర్తింపు కార్డులున్న (అక్రెడిటెడ్) జర్నలిస్టులుంటే, అదే సమయంలో విదర్భ ఆత్మహత్యల మీద రాయడానికి బయటి నుంచి వచ్చినవాళ్ళు ఆరుగురని ఆయన చెప్పిన లెక్క బాగా ప్రచారమైంది. పత్రికలు ఎవరి రోజులకి డబ్బు కడతాయో ఆ రెండు అంకెల్లో ఉంది. అంతకుముందు అనంతపురం జిల్లాలో తిరిగినప్పుడు, పురుగుమందు తాగి చనిపోయిన వాళ్ళ పేర్ల ఎదురుగా రికార్డుల్లో ‘కడుపు నొప్పి’ అని రాసి ఉన్న సంగతి ఆయన బయటపెట్టారు. ఆ కాగితాలు అనంతపురంలోనే ఉన్నాయి. అక్కడ విలేకరులూ ఉన్నారు. మరి వాళ్ళేం చేస్తున్నారు?

వాళ్ళు లైన్ అకౌంట్‌లో ఉన్నారు.

తెలుగు పత్రికల్లో మండల స్థాయి విలేకరిని కంట్రిబ్యూటర్ అంటారు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ ఊరి వార్తని పత్రికలోకి తెచ్చింది. 1989లో జిల్లా పేజీలు విడి టాబ్లాయిడ్‌గా మొదలయ్యాక, రోజూ ఆ పేజీలు నింపడానికి మండలానికో మనిషి కావాల్సి వచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. వీళ్ళకి జీతం ఉండదు. అచ్చయిన లైన్లు కొలిచి నెలకింత అని ఇచ్చేదే లైన్ అకౌంట్. ఆ డబ్బు చాలామందికి పెట్రోలుకి కూడా చాలదు. అందుకే కంట్రిబ్యూటర్ ఎల్‌ఐసీ ఏజెంటో, ఎరువుల కొట్టు యజమానో, ట్యూషన్ మాస్టారో అయి ఉంటాడు. పైగా పండక్కి, సంస్థ వార్షికోత్సవానికి ప్రకటనలు తేవాలి. ఏ ఎరువుల డీలర్ దగ్గర, ఏ కాంట్రాక్టర్ దగ్గర, ఏ సర్పంచ్ దగ్గర ప్రకటన అడిగాడో, రేపు అదే మనిషి మీద వార్త రాయాలి. ఎలా రాస్తాడు?

ఇప్పుడు ఆ ‘ఆరు రోజుల’ దగ్గరికి రావచ్చు. ఆరు రోజులు ఒకే విషయం మీద తిరిగిన కంట్రిబ్యూటర్‌కి ఆరు రోజులూ లైన్లు సున్నా. ఏడో రోజు మంచి కథనం పంపితే డెస్క్ దాన్ని ముప్పై లైన్లకి కత్తిరిస్తుంది, ముప్పై లైన్లకే డబ్బు వస్తుంది. ఈ ఏడు రోజుల్లో పక్క పత్రిక కంట్రిబ్యూటర్ సన్మానాలూ, ధర్నాలూ, ఎమ్మెల్యే పర్యటనలూ పంపి అంతకు పది రెట్ల లైన్లు సంపాదించి ఉంటాడు. వ్యవస్థ ఇలా ఉన్నప్పుడు కంట్రిబ్యూటర్లకి లోతు లేదనడం అన్యాయం. ‘కడుపు నొప్పి’ రికార్డు వాళ్ళలో కొందరి కంట పడే ఉంటుంది. దాన్ని తవ్వే రోజులకి కూలి ఎవరూ ఇవ్వలేదు. బయటి నుంచి వచ్చిన పెద్ద జర్నలిస్టుకి దారి చూపించేది, మాట తర్జుమా చేసేది, బండి ఎక్కించుకుని తిప్పేది తరచుగా ఈ మనిషే. సాయినాథ్ ఆ సంగతి దాచలేదు, చిన్న ఊళ్ళ విలేకరుల గురించి గౌరవంగానే రాశారు. అందరూ అలా రాయరు.

కంట్రిబ్యూటర్‌నీ, ఇంగ్లిష్‌లో రాసే ఫ్రీలాన్సర్‌నీ ఒకే గాటన కట్టకూడదనే వాదన ఉంది. నిజమే, ఒకరు తన ఇష్టంతో బయట ఉన్నారు, ఇంకొకర్ని సంస్థ బయట ఉంచింది. చట్టం దృష్టిలో మాత్రం ఇద్దరిదీ దాదాపు ఒకే చోటు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పార్ట్ టైమ్ వాళ్ళని కూడా జర్నలిస్టులుగానే చూసింది. కాకపోతే ప్రధాన వృత్తి జర్నలిజమే కావాలి, ఏదో ఒక పత్రికా సంస్థలో ఉద్యోగి కావాలి. ఎరువుల కొట్టు ఉన్న కంట్రిబ్యూటర్ మొదటి షరతు దగ్గర ఆగిపోతాడు. ఫ్రీలాన్సర్ రెండో దాని దగ్గర. జర్నలిస్టుల జీతాలు తేల్చడానికి పాలేకర్ ట్రిబ్యునల్, తర్వాత బచావత్, మణిసానా, మజీఠియా వేజ్ బోర్డులు వచ్చాయి. మజీఠియా సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. వాటి ఫలం దక్కించుకోవడానికి ఉద్యోగులే కోర్టుల చుట్టూ తిరిగారు, బయట ఉన్నవాళ్ళ సంగతి చెప్పేదేముంది. తర్వాత ఆ చట్టాన్నే 2020 కార్మిక కోడ్‌లో కలిపేశారు. చెక్కులో పది శాతం టీడీఎస్ కోసేటప్పుడు మాత్రం ఫ్రీలాన్సర్‌ని ‘ప్రొఫెషనల్’ అంటారు.

డబ్బు సంగతి ఇలా ఉంటే, ప్రమాదం వచ్చినప్పుడు ఈ ‘బయట’ అనే మాట ఇంకా బరువెక్కుతుంది. తెలంగాణలోని చర్ల, వెంకటాపురం దాటితే వచ్చే ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో ముకేశ్ చంద్రాకర్ అనే ఫ్రీలాన్స్ జర్నలిస్టు ఉండేవారు. టీవీ ఛానళ్ళకి వార్తలిస్తూ, ‘బస్తర్ జంక్షన్’ అనే సొంత యూట్యూబ్ ఛానల్ నడిపేవారు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టులు పట్టుకెళ్ళిన సీఆర్‌పీఎఫ్ జవాన్ విడుదలైనప్పుడు అడవిలోకి వెళ్ళి తీసుకొచ్చిన వాళ్ళలో ఆయన ఒకరు. 2024 డిసెంబరు చివర్లో ఆయన సాయంతో ఒక రోడ్డు పనిలో అక్రమాల మీద టీవీలో కథనం వచ్చింది. 2025 జనవరి 1 రాత్రి కనిపించకుండా పోయారు. 3వ తేదీన ఒక కాంట్రాక్టర్‌కి చెందిన ఆవరణలో, కొత్తగా సిమెంటు వేసి మూసిన సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికారు. పోలీసులు ప్రధాన నిందితుడిగా చెప్పిన ఆ కాంట్రాక్టర్‌ని హైదరాబాద్‌లో పట్టుకున్నారు.

బయటి నుంచి వచ్చి ఇలాంటి రోడ్డు మీద కథనం చేసే జర్నలిస్టు, అది ప్రసారమయ్యే సమయానికి వెనక్కి వెళ్ళిపోయి ఉంటాడు. స్థానిక ఫ్రీలాన్సర్ మర్నాడు అదే రోడ్డు మీద పాల ప్యాకెట్టుకి వెళ్ళాలి. బైలైన్, అంటే వార్త మీద వేసే రాసినవాళ్ళ పేరు, చిన్నది అయ్యేకొద్దీ ప్రమాదం పెద్దదవుతుంది. పరువు నష్టం కేసు పడ్డా అంతే. సంస్థకి లాయరు ఉంటాడు. రాసిన మనిషి సొంత ఖర్చుతో వాయిదాలకి తిరగాలి.

యూట్యూబ్ వచ్చాక ఈ లెక్క మారిందని చాలామంది అంటున్నారు. కొంత మారింది. లైన్లు కొలిచే డెస్క్ లేదు, కత్తిరించేవాళ్ళు లేరు. తెలుగులో కూడా ఉద్యోగాలు వదిలేసి సొంత ఛానళ్ళతో బతుకుతున్న విలేకరులున్నారు. కానీ ఆ డబ్బు కూడా రోజులకి రావడం లేదు, చూపులకి వస్తోంది. ఆరు రోజులు తిరిగి చేసిన వీడియో కంటే, గదిలో కూర్చుని నాయకుల మాటల మీద చేసిన పది నిమిషాల వ్యాఖ్యానం ఎక్కువమంది చూస్తారు. లైన్ పోయి వ్యూ వచ్చింది, అంతే తేడా. దాంతో ఫీల్డుకి వెళ్ళే వాళ్ళు కూడా మెల్లగా కుర్చీకి అలవాటు పడుతున్నారు. అది వాళ్ళ బద్ధకం అనుకోనక్కర్లేదు, నెల చివర ఈఎంఐ ఉంటుంది.

ఈ నేపథ్యంలో సాయినాథ్ 2014 తర్వాత చేసిన పని ఆసక్తిగా ఉంటుంది. హిందూ నుంచి బయటికొచ్చి, ఆ ఏడాది డిసెంబరు 20న ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’, అందరూ పిలిచే పేరు ‘పరి’, మొదలుపెట్టారు. పల్లె మనుషుల పనులు, పాటలు, వలసలు, చేతివృత్తుల మీద కథనాలు. చదవడానికి చందా లేదు, ప్రకటనలూ ఉండవు. తెలుగుతో సహా పదికి పైగా భారతీయ భాషల్లోకి తర్జుమా అవుతాయి. దీన్ని విరాళాలతో ఒక ట్రస్టు నడుపుతుంది, తిరిగి రాసేవాళ్ళకి ఫెలోషిప్‌లూ ఇస్తుంది. అంటే ఒకప్పుడు ఫెలోషిప్ అందుకున్న మనిషి ఇప్పుడు ఫెలోషిప్‌లు ఇచ్చే వైపుకి మారారు. విరాళాల మీద నడిచే ఏ పనికైనా ఉండే టెన్షన్ దీనికీ ఉంటుంది. దాతలు అలసిపోతే ఏమిటన్నది అలాగే ఉంది. అయినా మూడు దశాబ్దాల అనుభవం తర్వాత ఆయన పూరించాలనుకున్న ఖాళీ ఏదో చూడండి. రాయగలిగినవాళ్ళు జిల్లాల్లో దొరుకుతారు. వాళ్ళు తిరిగే రోజులకి డబ్బు కట్టే చోటే లేదు.

2022 నవంబరులో ఆయన ‘ది లాస్ట్ హీరోస్’ వచ్చింది. స్వాతంత్ర్యం కోసం పోరాడి, చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కని మామూలు మనుషుల కథలు. వెనక ఏళ్ళ తరబడి ప్రయాణాలు, తొంభై దాటిన ముసలివాళ్ళ మంచాల పక్కన గంటల కొద్దీ కూర్చోవడం. అందులో మన తెలంగాణ సాయుధ పోరాటం నుంచి మల్లు స్వరాజ్యం ఉన్నారు. పుస్తకం అచ్చై వచ్చేలోపు, ఆ ఏడాది మార్చి 19న ఆమె చనిపోయారు.